ఫ్లీస్ టోపీలు ఇంట్లోనే కుట్టుకోవడం: కొలత తీయడం నుంచి జంతువుల చెవుల దాకా

కుట్టుమిషన్ మీద జాకెట్టు, గౌను వంటివి కుట్టడం వచ్చినవారికి ఫ్లీస్ అనే మెత్తటి నూగుబట్టతో టోపీ కుట్టడం కష్టమైన పని కాదు. ఈ బట్టకు అంచుల్లో పోగులు ఊడవు కాబట్టి ఓవర్‌లాక్ అక్కర్లేదు, పైపింగ్ అక్కర్లేదు, చాలాచోట్ల అంచు మడవకపోయినా ఫరవాలేదు. అయితే కాటన్, టెరికాటన్ బట్టలతో చేతికి అలవాటైన పద్ధతులు కొన్ని ఇక్కడ ఎదురుతిరుగుతాయి. జాకెట్టు గుడ్డ సాగదు, ఫ్లీస్ సాగుతుంది. అది ఎటు సాగుతుందో చూసుకోకుండా కత్తెర పెడితే, కుట్టు ఎంత శుభ్రంగా వచ్చినా టోపీ తలకు ఎక్కదు. అందువల్ల ఈ మార్గదర్శిలో సాగే దిశకూ కొలతకూ ఎక్కువ చోటు ఇచ్చి, అలంకరణకు తక్కువ చోటు ఇస్తున్నాను. ముందు సాదా టోపీ తలమీద సరిగ్గా కూర్చోవాలి; దాన్ని పిల్లిని చేయాలా, ఎలుగుబంటిని చేయాలా అన్నది ఆ తర్వాతి మాట.

బట్ట ఎంపిక

ఫ్లీస్ అంటే పాలిస్టర్ దారంతో అల్లిన నిట్ బట్ట. అల్లిన తర్వాత సన్నటి తీగల బ్రష్షులతో గీరి నూగు లేపి, ఆ నూగును సమంగా కత్తిరిస్తారు. ఆ నూగులో గాలి నిలిచిపోవడం వల్లనే వెచ్చదనం వస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణానికి చెందిన మాల్డెన్ మిల్స్ అనే బట్టల మిల్లు, పటగోనియా అనే దుస్తుల సంస్థతో కలిసి 1980 ప్రాంతంలో ఈ బట్టను రూపొందించింది. 1993 నుంచి పటగోనియా వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల పాలిస్టర్‌తోనూ ఫ్లీస్ దుస్తులు తయారుచేయిస్తోంది. నీళ్ళ సీసాకూ ఈ బట్టకూ మూలపదార్థం ఒక్కటే అని గుర్తుంచుకుంటే, ఇస్త్రీపెట్టె దీనికి ఎందుకు పనికిరాదో వేరే చెప్పనక్కర్లేదు.

మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెబుతారు. టోపీకి 200 గ్రాముల రకం చక్కగా సరిపోతుంది. 100 గ్రాములది లైనింగుకు బాగుంటుంది. 300 గ్రాములది చేతికి ఎంత హాయిగా అనిపించినా చిన్నపిల్లల టోపీకి తీసుకోకండి. నెత్తిమీద నాలుగు కుట్లు కలిసేచోట ఎనిమిది పొరలు పేరుకుని, సూది దిగదు, దిగినా అక్కడ గట్టి ముడిలా తయారవుతుంది. కొనేముందు బట్టను ఒకేచోట బొటనవేలితో కాసేపు గట్టిగా రుద్ది చూడండి. అంతలోనే ఉండలు కడుతుంటే, రెండు ఉతుకులకు టోపీ అంతా అలాగే అవుతుంది. ఉండలు కట్టని రకాన్ని యాంటీ పిల్ అని అమ్ముతారు. ధర కొంచెం ఎక్కువైనా అదే తీసుకోవడం మంచిది.

మన ఊళ్ళలోని మామూలు బట్టల కొట్లలో ఫ్లీస్ తానుగా కనిపించడం అరుదు. ఆన్‌లైన్లో పోలార్ ఫ్లీస్ అన్న పేరుతో మీటర్ల లెక్కన దొరుకుతుంది. ఇంతకన్నా తేలిక దారి ఒకటి ఉంది. ఉత్తరాది నుంచి, ముఖ్యంగా పానిపట్టు నుంచి వచ్చే పలుచటి ఏసీ దుప్పట్లలో చాలా రకాలు ఫ్లీస్‌వే. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న ఒక్క దుప్పటి కత్తిరిస్తే ఇంటిల్లిపాదికీ టోపీలు కుట్టి, చుట్టుపక్కల పిల్లలకు కూడా ఇవ్వవచ్చు. ఇక అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి, అక్కడ మనవలకు కుట్టిపెట్టాలనుకునే అమ్మమ్మలు, నాయనమ్మలు గమనించవలసింది, అక్కడ బట్టను మీటర్లలో కాక 36 అంగుళాల గజాల్లో కొలుస్తారు. ఏళ్ళతరబడి అందరూ వెళ్ళిన జోఆన్ దుకాణాలు 2025లో మూతపడ్డాయి. హాబీ లాబీ, వాల్‌మార్ట్ వంటి చోట్ల ఫ్లీస్ దొరుకుతుంది.

సాగే దిశ, పై వైపు

బట్టను రెండు చేతులా పట్టుకుని ఒకసారి నిలువుగా, అంటే బట్ట అంచు వెంబడి, ఒకసారి అడ్డంగా లాగి చూడండి. అడ్డంగా ఎక్కువ సాగుతుంది. ఈ సాగుడు టోపీలో తల చుట్టూ రావాలి. నెత్తి నుంచి మెడకు వచ్చిందంటే టోపీ కిందికి వేలాడుతుంది తప్ప తలకు పట్టదు. దుప్పటిని వాడుతున్నప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే అసలు అంచులు మడిచి కుట్టేసి ఉంటాయి కాబట్టి ఏది నిలువో ఏది అడ్డమో చూపుతో తెలియదు.

ఎంత సాగుతుందో కూడా కొలవాలి. అంచుకు కొంచెం లోపలగా అడ్డంగా 4 అంగుళాల దూరంలో రెండు గుండుసూదులు గుచ్చి, స్కేలు పక్కన పెట్టి, బలవంతం చేయకుండా లాగండి. సూదుల మధ్య దూరం 5 అంగుళాలకు చేరితే టోపీకి తగిన బట్ట. నాలుగున్నర దగ్గరే ఆగిపోతే ఆ బట్టకు కింద చెప్పబోయే కొలతలో తగ్గింపు చేయకూడదు.

ఒకే రంగు ఫ్లీస్‌కు రెండు ముఖాలూ ఒకేలా కనిపిస్తాయి. కత్తిరించిన అంచును అడ్డంగా లాగితే బట్ట లోపలి వైపుకు చుట్టుకుంటుంది. చుట్టుకున్న వైపు లోపల, రెండోది పైన. ప్రతి ముక్కకూ లోపలి వైపున సుద్దతో చిన్న గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే నాలుగు ముక్కల్లో ఒకటి తిరగబడి, ఎండలో చూసినప్పుడు ఆ ఒక్క ముక్క రంగు తేడాగా కనబడుతుంది. నూగుకు వాలు కూడా ఉంటుంది. అరచేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా, ఎదురుగా గరగరగా తగులుతుంది. అన్ని ముక్కల్లోనూ నున్నటి వాలు నెత్తి నుంచి కిందికి ఉండేలా చూసుకోవాలి.

మెషిన్ సిద్ధం చేసుకోవడం

సూది మార్చకుండా మొదలుపెట్టవద్దు. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, 14వ నంబరుది కావాలి. ఇది దారాల మధ్య నుంచి జారిపోతుంది, మామూలు సూది దారాలను పొడిచి కుట్లు వదిలేస్తుంది. దారం తప్పనిసరిగా పాలిస్టర్‌దే ఉండాలి. కాటన్ దారం టోపీ తలకు తొడిగేటప్పుడు పుటుక్కున తెగుతుంది.

జిగ్‌జాగ్ ఉన్న మెషిన్ అయితే కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, వెడల్పు 1 మిల్లీమీటరు పెట్టుకోండి; చూపుకు దాదాపు నేరుగా కనిపించే ఈ కుట్టు బట్టతోపాటు సాగుతుంది. నేరు కుట్టు మాత్రమే వేసే పాత నల్ల మెషిన్‌తోనూ పని జరుగుతుంది. కుట్టు పొడవును మూడున్నర మిల్లీమీటర్లకు పెంచి, ఫుట్‌కు ముందొక చెయ్యి, వెనకొక చెయ్యి ఉంచి బట్టను కొద్దిగా బిగువుగా పట్టుకుని కుట్టండి. కొద్దిగా అంటే బట్ట మడత పడకుండా ఉండేంత మాత్రమే. గట్టిగా లాగితే సూది వంగి కింది ప్లేటుకు తగులుతుంది.

చాలామంది ముట్టుకోని మర ఒకటి ఉంది: ఫుట్ ఉండే కడ్డీకి సరిగ్గా పైన, మెషిన్ తలమీద ఉండేది. అది ఫుట్ బట్టను ఎంత బలంగా అదుముతుందో నిర్ణయిస్తుంది. ఫ్లీస్‌కు దాన్ని రెండు మూడు చుట్లు వదులు చేయాలి. వదులు చేయకపోతే పై పొర ముందుకు తోసుకుపోయి, కుట్టు అంతా అలలు అలలుగా వచ్చి, చివరకు పై ముక్క కింది ముక్క కన్నా అర అంగుళం పొడుగ్గా మిగులుతుంది. మర లేని కొత్త మెషిన్లలో, బట్టకూ ఫుట్‌కూ మధ్య బటర్ పేపర్ ముక్క పెట్టి కుట్టి, తర్వాత చింపేస్తే అదే ఫలితం వస్తుంది. వార్తాపత్రిక కాగితం వద్దు, సిరా అంటుకుంటుంది.

గుండుసూదులు ఈ నూగులో మునిగిపోయి కనిపించవు. రంగు తలలున్న పొడుగు సూదులు వాడి, ఎన్ని గుచ్చారో లెక్కపెట్టుకుని, తీసేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. ఈ టోపీ పెట్టుకునేది పిల్లల తలకు. నన్నడిగితే సూదుల కన్నా బట్టలారేసే చిన్న క్లిప్పులే మేలు.

తల కొలత

టేపును కనుబొమల పైన, చెవులకు కాస్త పైగా, వెనక తల ఉబ్బెత్తుగా ఉండేచోటు మీదుగా చుట్టండి. వేలు పట్టేంత వదులు ఇవ్వడం జాకెట్టు కొలతల అలవాటు, ఇక్కడ అది వద్దు. తల చేతికి అందనప్పుడు, ఉదాహరణకు వేరే దేశంలో ఉన్న మనవడికి కుట్టి పంపాలన్నప్పుడు, ఏడాది పిల్లలకు సుమారు 18 అంగుళాలు, మూడేళ్ళకు పంతొమ్మిదిన్నర, ఆరేడేళ్ళకు ఇరవైన్నర, ఆడవారికి 22, మగవారికి 23 అనుకుని మొదలుపెట్టవచ్చు. ఎంతైనా ఇది అంచనానే. ఫోన్ చేసి కొలిపించుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

వచ్చిన కొలతలోంచి ఒక అంగుళం తగ్గించాలి. తల 20 అంగుళాలైతే టోపీ చుట్టుకొలత 19. బట్ట సాగి ఆ అంగుళాన్ని భర్తీ చేస్తుంది, ఆ బిగువు వల్లనే టోపీ జారకుండా నిలుస్తుంది. కింద చూపిన లెక్కలన్నీ ఈ 20 అంగుళాల తలకు వేసినవే.

ముందు ఒక నలుచదరపు టోపీ

చెయ్యి తిరగడానికి మొదట ఇది కుట్టండి. దీనికి ప్యాటర్న్ అవసరం లేదు. సాగే దిశలో 19½ అంగుళాలు, నిలువుగా 10½ అంగుళాలు ఉండే ఒకే ముక్క కత్తిరించండి. పై వైపులు ఒకదానికొకటి తగిలేలా అడ్డంగా సగానికి మడిచి, 10½ అంగుళాల అంచులు రెంటినీ కలిపి పావు అంగుళం మార్జిన్‌తో, అంటే అంచుకు పావు అంగుళం లోపలగా, కుట్టండి. ఇది టోపీకి వెనక కుట్టు. ఆ కుట్టు వెనక మధ్యకు వచ్చేలా గొట్టాన్ని సర్ది, పై అంచును మూసి కుట్టండి. కింద రెండు అంగుళాలు లోపలికి మడిచి కుట్టి, తిరగేస్తే టోపీ తయారు.

తలకు పెట్టగానే పైన రెండు మూలలూ రెండు చెవుల్లా నిక్కుతాయి. మూల కొస నుంచి అంగుళంన్నర కిందకు, ఏటవాలుగా ఒక కుట్టు వేస్తే ఆ మూల టోపీ నుంచి విడివడి నిజమైన చెవిలా కనిపిస్తుంది. బూడిదరంగు బట్టైతే పిల్లి. గోధుమరంగు మీద రెండు పెద్ద తెల్లటి కళ్ళు, పసుప్పచ్చ ముక్కు పెడితే గుడ్లగూబ. జంతువుల టోపీల్లో ఇంత తక్కువ శ్రమతో ఇంత పోలిక వచ్చేది మరొకటి లేదు. బడి వార్షికోత్సవానికి ఒకేసారి ఇరవై టోపీలు కావలసి వస్తే ఇదే కుట్టండి, మిగతావాటి జోలికి పోవద్దు.

నాలుగు కలీల టోపీ

తల ఆకారానికి సరిగ్గా ఒదిగేది నాలుగు కలీల టోపీ. ఆరు కలీల లంగా కుట్టినవారికి సూత్రం తెలిసినదే: అన్ని ముక్కలూ ఒకే కొలత, అన్నీ పైకి వెళ్ళేకొద్దీ సన్నబడతాయి. లంగా కలీ నేరుగా సన్నబడితే, ఇక్కడ తామరరేకులా వంపు తిరుగుతూ సన్నబడాలి. ఆ వంపును కంటి అంచనాతో గీసేవారి టోపీలు నెత్తిమీద కోసుగా లేస్తాయి. వంపుకు లెక్క ఉంది, అది చాలా సులువు.

చుట్టుకొలత 19ని నాలుగుతో భాగిస్తే 4¾ అంగుళాలు. ఇది కలీ వెడల్పు. గుండ్రటి భాగం ఎత్తు కూడా అంతే, 4¾ అంగుళాలు. అర్ధగోళానికి అంచు చుట్టుకొలతలో నాలుగో వంతు, అంచు నుంచి శిఖరం దాకా ఉన్న దూరం ఒకటే కాబట్టి ఈ సౌలభ్యం. ఈ ఎత్తును మూడు సమభాగాలు చేయండి. మొదటి భాగం చివర వెడల్పు, మొదటి వెడల్పులో ఎనిమిదింట ఏడు వంతులకు కొంచెం తక్కువ, అంటే 4⅛ అంగుళాలు. రెండో భాగం చివర సరిగ్గా సగం, అంటే 2⅜. పైన సున్నా. గట్టి కాగితాన్ని నిలువుగా మధ్యకు మడిచి, మడత నుంచి ఈ వెడల్పుల్లో సగం సగం గుర్తుపెట్టి, చుక్కలను చేతివాటంతో వంపుగా కలిపి, మడత మీదే కత్తిరించండి. విప్పితే రెండు వైపులూ సమానంగా వస్తాయి.

ఈ గుండ్రటి భాగానికి కింద చెవులు కప్పడానికి రెండున్నర అంగుళాల నేరు భాగం, లోపలికి మడవడానికి మరో రెండు అంగుళాలు కలపండి. చివరగా రెండు పక్కలా, పైనా పావు అంగుళం మార్జిన్. మొత్తానికి కాగితం అడుగున వెడల్పు 5¼, ఎత్తు 9½ అంగుళాలు. 60 అంగుళాల పన్నా ఉన్న బట్టలో పావు మీటరు తెస్తే అడ్డంగా ఎనిమిది కలీలు పడతాయి, అంటే రెండు టోపీలు. చివర మిగిలే 18 అంగుళాల ముక్క చెవులకు, కళ్ళకు సరిపోతుంది. 22 అంగుళాల తలకు కలీ వెడల్పు 5¼ అవుతుంది. నేరు భాగం 3, మడత 2½ అంగుళాలు ఉంచితే ఎత్తు 11 అంగుళాలకు పెరుగుతుంది, కాబట్టి 30 సెంటీమీటర్ల బట్ట తీసుకోవాలి.

ఫ్లీస్‌ను రెండు పొరలు మడిచి కత్తిరిస్తే కింది పొర జరుగుతుంది. ఒక్కో పొరనే పరిచి, కాగితం మీద చిన్న బరువులు పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, కత్తెర నోటిని పూర్తిగా మూయకుండా పొడుగు కోతలతో కత్తిరించండి.

ఇక కుట్టే వరస. రెండు కలీలను పై వైపులు ఎదురెదురుగా పెట్టి, ఒక పక్క మాత్రం, అడుగు నుంచి శిఖరం వరకు కుట్టండి. శిఖరం దగ్గర బట్ట అంచు దాకా పోకుండా పావు అంగుళం ముందే ఆగాలి. ఇలా ముందు సగం ఒకటి, వెనక సగం ఒకటి తయారవుతాయి. మార్జిన్‌ను ముందు సగంలో కుడివైపుకు, వెనక సగంలో దానికి ఎదురు దిక్కుకు వంచి వేలితో అదిమితే, కలిపినప్పుడు నెత్తిమీద అన్ని పొరలూ ఒకేచోట పేరుకోవు. ఇక్కడ ఆగండి. జంతువు ముఖం, చెవులు పెట్టాలంటే అది ఈ దశలోనే, సగాలు విడిగా ఉన్నప్పుడే చేయాలి. సాదా టోపీ అయితే రెండు సగాలనూ ఎదురెదురుగా పెట్టి, మధ్య కుట్లు రెండూ శిఖరం దగ్గర సరిగ్గా కలిసేలా ముందు అక్కడ కచ్చా కుట్టు వేసుకుని, ఒక చెవి వైపు అడుగు నుంచి నెత్తి మీదుగా రెండో చెవి వైపు అడుగు దాకా ఒకే ఏకధాటి కుట్టుతో కలిపేయండి. మందంగా ఉన్న శిఖరం దాటేటప్పుడు పెడల్ తొక్కడం ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పండి. నెత్తిన చిన్న రంధ్రం మిగిలితే విప్పనక్కర్లేదు. లోపలి నుంచి చేతికుట్టుతో చుట్టూ పట్టి దగ్గరకు లాగితే మూసుకుపోతుంది.

కింది అంచు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో కుట్టిన టోపీలు మొదట పాడయ్యేది అక్కడే. టోపీ తొడిగిన ప్రతిసారీ సాగేది ఈ అంచే. అక్కడ చుట్టూ నేరు కుట్టు వేస్తే, బట్ట సాగుతుంది, దారం సాగదు, నాలుగు రోజుల్లో తెగుతుంది. జిగ్‌జాగ్ ఉన్నవారు దాన్నే వాడాలి. లేనివారు ఎంబ్రాయిడరీలో నేర్చుకున్న హెరింగ్‌బోన్ కుట్టును చేత్తో లోపలి వైపు వేయవచ్చు. అది అడ్డదిడ్డంగా పోతుంది కాబట్టి సాగినా తెగదు. నాకు అన్నిటికన్నా నచ్చినది మూడో పద్ధతి: రెండు అంగుళాల మడతను పైకి మడిచి పట్టీలా వదిలేసి, నాలుగు కలీల కుట్ల దగ్గర మాత్రం ఒక్కొక్క టాకా వేయడం. చుట్టూ దారమే లేదు కాబట్టి తెగేది లేదు. పిల్లల తల పెరిగినప్పుడు టాకాలు విప్పి పట్టీని దించుకోవచ్చు. ఒక్క పక్కే డిజైన్ అచ్చువేసిన బట్టకు మాత్రం ఇది నప్పదు, పట్టీ మీద వెనక ముఖం కనబడుతుంది.

చెవులు, కళ్ళు, ముక్కు

జంతువు పోలిక చెవి ఆకారం కన్నా చెవి ఎక్కడ మొలిచిందన్న దాన్నిబట్టి వస్తుంది. గుండ్రటి చెవినే నెత్తికి దగ్గరగా పెడితే ఎలుగుబంటి, పక్కకు దించితే కోతి. అందుకే చెవులు ముందు కత్తిరించుకుని, ముందుగా కుట్టిన ఒక సాదా టోపీని పిల్లవాడి తలకు పెట్టి, క్లిప్పులతో అటూ ఇటూ జరిపి చూసి, తర్వాతే కుట్టడం మంచిది.

పిల్లి చెవికి అడుగు రెండున్నర, ఎత్తు రెండున్నర అంగుళాల ముక్కోణం, పక్కలు కొద్దిగా బయటికి ఉబ్బి ఉండాలి. వెనక టోపీ రంగు, ముందు గులాబీరంగు ముక్క పెట్టి, పావు అంగుళం మార్జిన్‌తో రెండు పక్కలూ కుట్టి, కొస దగ్గర మార్జిన్‌ను బాగా కత్తిరించి తిరగేయండి. కొసను సూదితో లాగకండి, నూగు ఊడుతుంది. పెన్సిలు వెనక వైపుతో లోపలి నుంచి తోయండి. అడుగున మధ్యలో గులాబీ వైపు చిన్న కుచ్చు పట్టి కచ్చా కుట్టు వేస్తే చెవి దొప్పలా ముందుకు తిరుగుతుంది. కుచ్చు లేని చెవి అట్టముక్క అతికించినట్టు కనిపిస్తుంది. తర్వాత ముందు సగాన్ని పై వైపు పైకి ఉండేలా పరిచి, వంపు అంచుల మీద, శిఖరం నుంచి అంగుళంన్నర వదిలి, చెవి అడుగును టోపీ అంచుతో కలిపి, చెవి కొస టోపీ మధ్యకు చూసేలా పడుకోబెట్టి కచ్చా కుట్టు వేయండి. గులాబీ వైపు కిందికి, టోపీకి తగిలేలా ఉండాలి. పైన వెనక సగం పెట్టి ఏకధాటి కుట్టు వేసి తిరగేసినప్పుడు చెవులు లేచి నిలబడి ముందుకు చూస్తాయి.

ఎలుగుబంటికి రెండున్నర అంగుళాల వెడల్పు, రెండు అంగుళాల ఎత్తున్న గుండ్రటి చెవులు, అదే చోట. పులికి కూడా ఇవే చెవులు. నుదుటిమీద మధ్య కుట్టుకు అటూ ఇటూ మూడేసి నల్ల చారలు కుట్టాలి. కోతికి మీగడరంగు లోపలి వైపు ఉన్న గుండ్రటి చెవులను శిఖరం నుంచి నాలుగు అంగుళాల కిందికి దించి, ముందు వైపు హృదయాకారపు మీగడరంగు ముక్క వేయాలి. కుందేలు చెవులు రెండు అంగుళాల వెడల్పు, ఏడు అంగుళాల పొడవు ఉండాలి, అవి నిలబడవు. నిలబెట్టాలని తీగలు, అట్టలు దూర్చేకన్నా ఒకటి వాలిపోనివ్వడమే అందం. ఏనుగు చెవులు అయిదేసి అంగుళాల వెడల్పున పక్కల నుంచి కిందికి వాలి, నిజమైన చెవులను గాలి నుంచి కాపాడతాయి, కాబట్టి ఉపయోగం రీత్యా అన్నిటిలో ఏనుగుదే పైచేయి. తొండాన్ని మాత్రం దూది నింపి వేలాడదీయకండి. బరువుకు టోపీ కళ్ళమీదికి దిగుతుంది. మూడు అంగుళాల తొండం ఆకారాన్ని నుదుటిమీద అతికి కుట్టినా చాలు. కప్ప కళ్ళకు నాలుగు అంగుళాల వృత్తం కత్తిరించి, అంచు చుట్టూ చేతికుట్టు వేసి, దిండ్లలో నింపే ఫైబర్ కూరి, దారం లాగి ఉండ చేసి, చెవుల చోట చేత్తో గట్టిగా కుట్టాలి.

పెద్దవాళ్ళకు చెవుల టోపీలెందుకు అనేవారు, మంచు చూడటానికి తెల్లవారకముందే లంబసింగి చేరే కాలేజీ పిల్లల గుంపును ఒకసారి చూడాలి.

ముఖాన్ని కూర్చడంలో పోగులు ఊడని గుణం బాగా కలిసివస్తుంది. ముక్కను కావలసిన ఆకారంలో కత్తిరించి, అంచు మడవకుండా, అంచుకు నూలువాసి లోపలగా కుట్టేస్తే సరి. ముందు నల్లటి కనుపాపను తెల్లటి కంటిమీద, తర్వాత తెల్లటి కంటిని టోపీమీద కుట్టాలి. వరస మారితే మూడు పొరల మీద చిన్న వృత్తం తిప్పలేక చెయ్యి నొప్పి పుడుతుంది. కళ్ళు పట్టీకి దగ్గరగా, కిందుగా, ఒకదానికొకటి దూరంగా ఉంటే జంతువు పసిదిగా, ముద్దుగా ఉంటుంది. పైకి, దగ్గరగా పెడితే కోపిష్టిగా కనిపిస్తుంది. ముక్కును మధ్య కుట్టుమీదే, కళ్ళకన్నా కొంచెం కిందుగా పెట్టండి. కుట్టేటప్పుడు బట్ట వెనక బటర్ పేపర్ ఉంచితే ముఖం సాగి వంకర పోదు. వేడి జిగురు తుపాకీతో అతికించడం తేలికే, కానీ ఎండిన జిగురు గట్టిబడి నుదుటికి గుచ్చుకుంటుంది, ఉతుకులో ఊడుతుంది.

మూడేళ్ళలోపు పిల్లలకు గుండీలు, పూసలు, ప్లాస్టిక్ కళ్ళు అసలు వాడకూడదు. అవి ఊడి నోట్లోకి పోతే గొంతుకు అడ్డం పడతాయి. కళ్ళు బట్టతోనే చేయాలి లేదా దారంతో కుట్టాలి. మెడకింద కట్టుకునే తాళ్ళు కూడా పెట్టవద్దు. జారుడుబల్లలకూ, బస్సు తలుపులకూ తాళ్ళు చిక్కుకుని పిల్లల ప్రాణాలు పోవడంతో, అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 1996లోనే పిల్లల దుస్తుల తలముసుగుకూ మెడకూ లాగే తాళ్ళు ఉండకూడదని మార్గదర్శకాలిచ్చింది. పట్టు అవసరమైతే గట్టిగా లాగితే విడిపోయే వెల్క్రో ముక్క చాలు. పసిబిడ్డ నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయాలి; ముఖంమీదికి జారడం, ఒంట్లో వేడి పెరగడం రెండూ ప్రమాదమే.

లైనింగ్ ఎప్పుడు వేయాలి

ఆదిలాబాద్, అరకు చలికి ఒక పొర ఫ్లీస్ సరిపోతుంది. అమెరికాలోని మిషిగన్, మిన్నెసోటా వంటి చోట్ల సరిపోదు, ఎందుకంటే ఫ్లీస్ వెచ్చదనాన్ని ఇస్తుంది కానీ గాలిని ఆపదు. అక్కడ లైనింగ్ ఉండాలి. మన ఇళ్ళలో లైనింగుకు మరో కారణం తలనూనె. కొబ్బరినూనె మరక పాలిస్టర్‌ను ఒకసారి పట్టిందంటే సులభంగా వదలదు. పాత కాటన్ టీషర్టు బట్టతో లైనింగ్ వేస్తే నూనెను అదే పీల్చుకుంటుంది. హీటర్లు వాడే పొడి గదుల్లో ఫ్లీస్ టోపీ తీయగానే జుట్టు నిక్కబొడుచుకుని చిటపటలాడే బాధ కూడా కాటన్ లైనింగుతో తగ్గుతుంది.

లైనింగ్ వేసేటప్పుడు పై టోపీకి అంగుళానికి బదులు అర అంగుళమే తగ్గించి, మడత భాగం లేకుండా కత్తిరించండి. టీషర్టు బట్టతో అదే కొలతకు రెండో టోపీ కుట్టి, ఒకదాన్ని తిరగేసి, పై వైపులు ఎదురెదురుగా వచ్చేలా ఒకదాంట్లో మరొకటి దూర్చి, కింది అంచు చుట్టూ కుట్టండి. వెనక మూడు అంగుళాలు కుట్టకుండా వదలాలి. ఆ సందులోంచి మొత్తం బయటికి లాగి, సందును చేత్తో మూసి, లైనింగ్ శిఖరాన్ని టోపీ శిఖరానికి ఒక టాకాతో పట్టిస్తే అది టోపీతోపాటు బయటికి రాదు.

వాడకం, ఉతకడం

ఒక టోపీ పూర్తయ్యేసరికి బాబిన్ కేసులో, బట్టను నడిపే పళ్ళ కింద నూగు మెత్తగా పేరుకుని ఉంటుంది. ప్లేటు విప్పి బ్రష్షుతో తీసి, ఒక చుక్క మెషిన్ ఆయిల్ వేసి, వదులు చేసిన మరను మళ్ళీ బిగించాకే వేరే బట్ట కుట్టండి.

టోపీని తిరగేసి, చల్లటి నీళ్ళలో, కొద్ది సబ్బుతో ఉతకాలి. బట్టలు మెత్తబడటానికి వాడే కండిషనర్ నూగుకు పూతలా పట్టి దాన్ని అణచివేస్తుంది, అది వద్దు. ఉతికిన ప్రతిసారీ ఈ బట్ట నుంచి కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీళ్ళలోకి పోతాయి కాబట్టి, మురికైనప్పుడే ఉతకడం, వాషింగ్ మెషిన్ అయితే చిన్న సైకిల్ పెట్టడం మేలు. నీడన ఆరేస్తే తొందరగానే ఆరుతుంది. ముడతలు చేత్తో దులిపితే పోతాయి. ఇస్త్రీ తగిలితే నూగు కరిగి గాజులా మెరిసే మచ్చ పడుతుంది, అది ఇక పోదు. చలిమంట దగ్గర కూర్చునేటప్పుడు ఫ్లీస్ టోపీ తీసి పక్కన పెట్టి, ఊలుదో నూలుదో కట్టుకోవాలి. ఎగిరిపడిన నిప్పురవ్వ ఫ్లీస్‌ను కరిగిస్తుంది, కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుంటుంది.

కొన్నాళ్ళకు టోపీ వదులైతే వెనక మధ్య కుట్టును లోపలి నుంచి అర అంగుళం లోపలికి మళ్ళీ కుట్టి, మిగులు కత్తిరించండి. బిగుతైతే పట్టీని దించండి. అది లేని టోపీకి వెనక కుట్టు అడుగున రెండు అంగుళాలు విప్పి, అక్కడ మిగిలిన ముక్కల్లోంచి ఒక చిన్న ముక్కోణం అతుకు వేస్తే మరో చలికాలానికి పనికొస్తుంది.